జపాన్ మెట్ల మడులు: చూడ్డానికి టికెట్ లేదు, నిలబెట్టడానికి మనుషుల్లేరు

జపాన్ పల్లెల ఫొటోల్లో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. కొండ వాలు పొడుగునా వంకర టింకర గట్లు, గట్ల మధ్య నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో తెల్లవారుజాము ఆకాశం, కింద లోయ నిండా మేఘం. వీటిని అక్కడ తనదా అంటారు, మన మాటల్లో మెట్ల మడులు అనుకోవచ్చు. చూసేవాళ్ళు ప్రకృతి అందం అంటారు కానీ అందులో ప్రకృతి వాటా వాలు, వాన, మట్టి వరకే. మిగతాదంతా పారపని. అదీ ఒకసారి చేసి వదిలేసే పని కాదు, ఏటా మొదటి నుంచి చేయాల్సిందే, ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది డెబ్బై ఏళ్ళకు దగ్గర పడ్డవాళ్ళో దాటినవాళ్ళో.

ఇక్కడొక చిక్కు లెక్క ఉంది. ఈ మడుల్ని చూడ్డానికి చాలా చోట్ల టికెట్ లేదు. వెళ్ళేవాళ్ళు పెట్టే ఖర్చు రైలుకి, హోటల్‌కి, అద్దె కారుకి పోతుంది, ఏ గట్టు చూసి మురిసిపోయారో ఆ గట్టు వేసిన మనిషికి అందులో దాదాపు ఏమీ రాదు. అయినా చూడ్డానికొచ్చేవాళ్ళ కంటికి పెద్ద అధికారమే ఉంది. ఏ మడులు బతకాలో ఏవి అడవిలో కలిసిపోవాలో ఇప్పుడు చాలావరకు తేలుస్తున్నది అదే. ఫొటోకి బాగా పడే కొండకి డబ్బు, వాలంటీర్లు, బోర్డులు, పార్కింగ్ స్థలం అన్నీ వస్తాయి. పక్క లోయలో అంతే కష్టంతో కట్టిన, కానీ చూపుకి ఆనని మడుల్లో రెల్లు మొలుస్తుంది. జపాన్ తనదాలు చూడ్డానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ లెక్క తెలుసుకుని వెళ్తే ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ నిలబడాలి, ఎక్కడ డబ్బు పెట్టాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

అసలు అంత ఎత్తుకెళ్ళి వరి ఎందుకు వేశారు? జపాన్ భూభాగంలో నూటికి డెబ్బైకి పైగా కొండలే. ఉన్న మైదానాలేమో నదులు పొంగితే మునిగిపోయే చిత్తడి నేలలు, పెద్ద కరకట్టలు, మురుగు కాలువలు తవ్వే శక్తి వచ్చేదాకా అవి సాగుకి సరిగ్గా లొంగలేదు. కొండ మీద ఊట అలా కాదు, చిన్నది, నలుగురు మనుషులు పారలు పట్టుకుంటే చెప్పిన చోటికి తిరుగుతుంది. పైగా ఎదో కాలంలో, అంటే షోగన్లు ఏలిన 17 నుంచి 19వ శతాబ్దాల్లో, శిస్తు కట్టాల్సింది బియ్యంలోనే, ఒక ప్రభువు హోదాని కూడా అతని భూమి ఎన్ని కొకుల (అప్పటి బియ్యం కొలత) బియ్యం ఇస్తుందో లెక్కగట్టి చెప్పేవాళ్ళు. అలాంటప్పుడు కొండ ఊళ్ళో జొన్నలాంటివి వేసుకుని ఊరుకుంటామంటే కుదరదు కదా. అందుకే నీళ్ళు దొరికిన ప్రతి వాలునీ మడులుగా మలిచారు, ఒక్కోచోట దుప్పటి పరిచినంత జాగాలో కూడా నాట్లు వేశారు. మన దగ్గర అరకు, పాడేరు వైపు గిరిజన రైతులు గెడ్డల నీళ్ళు మళ్ళించుకుని వాలు మీద మెట్లుగా వేసే వరి వెనక ఉన్న సూత్రమూ ఇదే, పై మడి నిండితే నీళ్ళు కింది మడికి దిగుతాయి.

ప్రభుత్వ లెక్కలో తనదా అంటే ఇరవై మీటర్లకి కనీసం ఒక మీటరు ఎత్తు మారే వాలు మీదున్న వరి పొలం. అన్నీ ఒకేలా ఉండవు. పడమటి జపాన్‌లో, అంటే క్యూషూ, షికోకు, కీయి ద్వీపకల్పం వైపు, రాయి పుష్కలం కాబట్టి మడి అంచులు రాతి గోడలు. తూర్పు వైపు, ముఖ్యంగా మంచు బాగా పడే నీగతలో, అంచులు ఉత్త మట్టి, వాటి మీద గడ్డి. ఫొటోలో మట్టి గట్టు మెత్తగా, పచ్చగా, వంపులు తిరిగి బాగుంటుంది, కానీ రైతుకి ఎక్కువ చాకిరీ పెట్టేది అదే.

నీగత కొండల కథ కొంచెం వింతగా ఉంటుంది. అక్కడి చాలా మడులు కొండచరియలు జారిన చోట్లే వచ్చాయి. మెత్తని బురదరాయి ఉన్న కొండ జారితే నిటారు వాలు కాస్త తగ్గుతుంది, లోపలి మట్టి కలిసిపోయి నీళ్ళు పట్టి ఉంచే బంకమట్టి అవుతుంది, జారిన చోట ఊటలు బయటపడతాయి. వరికి కావాల్సిన మూడూ ఒక్కచోట దొరికాయన్నమాట. అందుకని జనం ప్రమాదం అని తెలిసిన నేల మీదే ఊళ్ళు కట్టుకున్నారు. సాగు నడిచినన్నాళ్ళూ రైతులు నీటిని కాలవల్లో పెట్టి నడిపిస్తారు, చిన్న పగులు కనపడగానే పూడుస్తారు. సాగు ఆగిపోతే మడి ఎండి బీటలు వారుతుంది, తర్వాతి వానకి నీళ్ళు ఆ బీటల్లోంచి నేరుగా కొండ లోపలికి దిగుతాయి, కొండ మళ్ళీ కదిలే అవకాశం అప్పుడే ఎక్కువ. కింద ఊరికి ఈ మడులు వరద అడ్డుకట్టలు కూడా, వాన నీటిని కాసేపు ఆపి మెల్లగా వదులుతాయి. బియ్యం ధరలో ఇవేవీ కలవవు.

ఇదే నీగతలో తోకామచి ఊరి పరిధిలోని హోషితోగే ఇప్పుడు జపాన్ తనదాలన్నిటిలో ఎక్కువగా ఫొటోల్లోకెక్కేదేమో. దాదాపు 200 మడులు, కింద లోయ, తెల్లవారితే మేఘ సముద్రం. ఇక్కడ నీళ్ళు నిండిన మడులు రెండు కాలాల్లో కనిపిస్తాయి, మంచు కరిగాక వసంతంలో ఒకసారి, కోతలయ్యాక అక్టోబరు చివర, నవంబరులో మళ్ళీ. వసంతం సరే, నాట్ల కోసం. కోత అయిపోయిన పొలంలో నీళ్ళెందుకు? పర్యాటకుల కోసమని అనుకునేవాళ్ళు ఉన్నారు, కాదు. ఈ కొండకి పెద్ద కాలవ లేదు, వాన, మంచు నీళ్ళే ఆధారం. శీతాకాలమంతా ఎండబెడితే బంకమట్టి పగిలి, వసంతంలో ఎన్ని నీళ్ళు పెట్టినా నిలవవు. అందుకని కోత అవగానే గట్లు సరిచేసి, శరదృతువు వానని పట్టి ఉంచి, దాని మీదే మంచు పడనిస్తారు. ఫొటోగ్రాఫర్లు సెలవు పెట్టుకుని వచ్చే నవంబరు సీజన్ అంతా నీటి కొరత మీద, మట్టి గుణం మీద నిలబడింది.

గట్టు పని గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మొత్తం వ్యవహారం దాని మీదే ఉంది. వసంతంలో దమ్ము చేసేముందు పాత గట్టు లోపలి ముఖం చెక్కి, అడుసు తీసి, పారతో పూత పూసినట్టు అద్దాలి, దీన్ని అక్కడ అజెనురి అంటారు. బొరియలు చేసే జీవాలు చలికాలమంతా చేసిన కన్నాలు ఇప్పుడు మూయకపోతే రాత్రికి రాత్రే గండి పడుతుంది, పై మడికి గండి పడితే కింది మూడు మడులు కూడా పోతాయి. మైదానంలో ఇదంతా ట్రాక్టరుకి తగిలించిన మిషను చేసేస్తుంది. కొండ మీద మడి వంకరగా, ఇరుకుగా ఉంటే మిషను తిరగదు, కొన్ని మడులకి అసలు దారే ఉండదు. వేసవి వస్తే గట్ల మీద గడ్డి. వాలు ఎక్కువైనకొద్దీ మడి చిన్నదవుతుంది, గట్టు పెద్దదవుతుంది, అంటే పంట ఇచ్చే జాగా తగ్గుతూ గడ్డి కోయాల్సిన జాగా పెరుగుతూ ఉంటుంది. భుజాన గడ్డి కోత మిషను వేసుకుని, ఎండలో, జారే వాలు మీద, ఒక్క వేసవిలోనే చాలాసార్లు చేయాలి. కొండ రైతు సాగు మానేయడానికి నాట్లో కోతలో కాదు, ఈ గడ్డే కారణమైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. దీనికి తోడు అడవి పందులు, వాటికోసం కరెంటు కంచె.

ఇంత చేస్తే మిగిలేదెంత? తోకామచి పక్కనే ఉన్న ఉఒనుమా కోషిహికారి బియ్యానికి జపాన్ అంతటా పేరుంది, పగలు వేడి రాత్రి చలి ఉండే కొండ బియ్యం రుచిగా ఉంటుందని కొనేవాళ్ళూ ఉన్నారు. కానీ దేశం మొత్తం మీద బియ్యం తినడం పడిపోయింది. 1962లో మనిషికి ఏడాదికి 118 కిలోలు తినేవాళ్ళు, ఇప్పుడు దాదాపు 50. మధ్యలో, 1970ల మొదలు 2018 దాకా, బియ్యం ఎక్కువైపోతోందని ప్రభుత్వమే సాగు తగ్గించమని డబ్బులిచ్చింది. తగ్గించమంటే రైతు ముందు ఏది వదిలేస్తాడు? మిషను ఎక్కని కొండ మడినే. కొన్నిచోట్ల ఆ మడుల్లో కలప కోసం పెంచే సుగి మొక్కలు నాటేశారు, ఇప్పుడవి పెద్ద చెట్లు, కింద రాతి గోడలు అలాగే ఉన్నాయి.

2000 నుంచి ప్రభుత్వం కొండ ప్రాంత రైతులకి నేరుగా సాయం ఇస్తోంది. నిటారు వాలు మీద వరికి పది ఆర్లకు 21,000 యెన్, అంటే ఎకరాకి దాదాపు 85 వేల యెన్, మన డబ్బుల్లో అర లక్షకి కాస్త అటూ ఇటూ. తెలంగాణ రైతు భరోసా ఎకరాకి ఏడాదికి 12 వేలు కదా, దానితో పోలిస్తే భారీగా కనిపిస్తుంది కానీ అక్కడి కూలి, అక్కడి ధరలు వేరు. పైగా షరతు ఉంది, ఊరి రైతులు కలిసి ఐదేళ్ళు సాగు ఆపం అని ఒప్పందం రాసుకోవాలి. డెబ్బై ఐదేళ్ళ మనిషిని ఐదేళ్ళకి సంతకం పెట్టమంటే ఏం ఆలోచిస్తాడో ఊహించుకోవచ్చు.

2025లో బియ్యం ధరలు ఒక్కసారిగా పెరిగాయి, సూపర్‌మార్కెట్‌లో ఐదు కిలోల సంచి 4,000 యెన్ దాటి ముందటేడుతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపైంది. (బియ్యం ఎప్పుడూ కొనలేదు, అభిమానులే ఇస్తారు అని నోరు జారిన వ్యవసాయ మంత్రి ఆ మేలోనే పదవి వదులుకోవాల్సి వచ్చింది.) ధర పెరిగింది కదా, కొండ మడులకి మంచిరోజులే అనిపిస్తుంది. అంత సులువు కాదు. పది సెంట్లలో పండేది ఎంత ధర పలికినా పది సెంట్ల పంటే, లాభమంతా పెద్ద పొలం ఉన్న మైదానం రైతుకి. కొండ మీద కరువు మనుషులకి, అది బియ్యం ధరతో తీరేది కాదు.

ఈ స్థితిలో కొన్ని ఊళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళనే డబ్బు కట్టేవాళ్ళుగా మార్చే దారి పట్టాయి. షికోకులోని కోచి కొండల్లో యుసుహార అనే ఊరు 1992లో ఓనర్ పద్ధతి మొదలుపెట్టింది, జపాన్‌లో ఇదే మొదటిదంటారు. పట్నం కుటుంబం ఏడాదికి ఇంతని కడుతుంది, సాధారణంగా ఒక వంద చదరపు మీటర్లకి 30, 40 వేల యెన్ ప్రాంతంలో ఉంటుంది, నాట్లకీ కోతలకీ వస్తుంది, పండిన బియ్యంలో వాటా తీసుకెళ్తుంది. పేరుకి ఓనరే గానీ భూమి మీద హక్కేమీ ఉండదు. మధ్యలో నీళ్ళు కాయడం, గడ్డి కోయడం, పందుల్ని తరమడం అంతా ఊరివాళ్ళ పనే. బియ్యం లెక్కన చూస్తే ఓనరుకి గిట్టుబాటు కాదు, బజార్లో అంతకంటే చవగ్గా దొరుకుతాయి. కట్టే డబ్బు బియ్యానికి కాదు, గట్టు నిలబడటానికి. ఈ సంగతి దాచకుండా చెప్పడమే ఈ పద్ధతిలోని మంచి.

దీనికి బాగా పనికొచ్చే ఉదాహరణ మియె రాష్ట్రంలో కుమానో దగ్గరున్న మరుయామ సెన్‌మాయిద. 1601 నాటి భూమి లెక్కల్లో ఇక్కడ 2,240 మడులు ఉన్నాయి. పక్కనే రాగి గని ఉండేది, అది 1978లో మూతపడింది, సాగు తగ్గించమన్న ప్రభుత్వ పథకం, సుగి మొక్కలు, పట్నాలకి వలసలు, అన్నీ కలిసి 1990ల మొదటికి 530 మడులు మిగిలాయి. 1993లో ఊరివాళ్ళు సంరక్షణ సంఘం పెట్టుకుని, తుప్పలు నరికి, గోడలు సర్ది, 810 మడుల్ని తిరిగి సాగులోకి తెచ్చారు. మొత్తం 1,340. 1994లో పట్టణం ఈ మడుల కోసమే ప్రత్యేకంగా స్థానిక చట్టం చేసింది, 1996లో ఓనర్లని పిలిచింది. జూన్‌లో కాగడాలు పట్టుకుని, డోళ్ళు కొడుతూ గట్ల వెంట నడిచి పురుగుల్ని సాగనంపే పాత తంతు ఉంది, దాన్ని కూడా 2004లో మళ్ళీ మొదలుపెట్టారు. అది పండుగా టూరిజమా అంటే రెండూ. అలా కలిసిపోవడం కొందరికి నచ్చదు, కానీ ఆ కాగడాల రాత్రి వచ్చే జనం లేకపోతే ఆ మడుల్లో చాలావాటికి ఇప్పుడు పేరు కూడా మిగిలేది కాదేమో.

అయితే మరుయామకి ఒక అదృష్టం ఉంది, అది అందంగా ఉంది. పైన తోరితోగే కనుమ మీదుగా కుమానో కొదో యాత్రా మార్గం పోతుంది, అక్కడి నుంచి చూస్తే మడులన్నీ ఒకేసారి కంట్లో పడతాయి. ఆ మార్గాలు 2004లో యునెస్కో జాబితాకి ఎక్కాయి. ఇలాంటి చోటు లేని వెయ్యి ఊళ్ళ సంగతి ఏంటి? వ్యవసాయ శాఖ 1999లో జపాన్ వంద మెట్ల మడులు అని ఒక జాబితా వేసింది, వంద అని పేరు పెట్టి 134 చోట్లని ఎంచింది. 2019లో తనదా ప్రాంతాల కోసం చట్టం వచ్చింది, 2022లో కొత్త జాబితాలో 271 చోట్లు. పెరగడం మంచిదే. కానీ జాబితా అంటేనే బయట మిగిలినవి ఉంటాయని, జాబితాలో ఉన్నంత మాత్రాన గట్టు వేసే చెయ్యి పుట్టుకురాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ అందం మోజు నిన్నమొన్నటిది కూడా కాదు. నాగానో రాష్ట్రంలో చికుమ దగ్గర ఒబాసుతే అనే కొండ ఉంది, ముసలివాళ్ళని కొండ మీద వదిలేసి వచ్చేవారన్న కథకి పేరుపడ్డ చోటు. కవి బషో 1688లో ఇక్కడికి చంద్రుణ్ణి చూడ్డానికే నడిచొచ్చాడు. తర్వాత మడి మడికో చంద్రుడు అన్న మాట ఈ కొండకి అంటుకుపోయింది, 19వ శతాబ్దంలో చిత్రకారుడు హిరోషిగే ప్రతి మడిలోనూ ఒక్కో చంద్రుణ్ణి వేసి చూపించాడు. నిజంగా అలా కనిపించదు. ఒక చోట నిలబడిన మనిషికి నీళ్ళలో చంద్రుడు ఒకే దిక్కున, ఒకే కోణంలో కనిపిస్తాడు, అక్కడ ఏ మడి ఉంటే ఆ మడిలో. మనిషి నడుస్తుంటే చంద్రుడు ఒక మడి దాటి ఇంకో మడిలోకి వస్తాడు, అన్నిట్లో ఒకేసారి ఉండడు. ఇంకో తిరకాసు, చంద్రుణ్ణి చూసే పండగ శరదృతువులో, అప్పటికి మడుల నిండా పండిన వరి, నీళ్ళే కనిపించవు. నీళ్ళలో చంద్రుణ్ణి చూడాలంటే నాట్ల కాలంలో, మే చివర, జూన్ మొదట్లో పౌర్ణమి చూసుకుని వెళ్ళాలి. ఎప్పుడో గీసిన బొమ్మని నమ్మి సెప్టెంబరులో వెళ్ళి నిరాశపడటం కంటే ఇది తెలుసుకోవడం మేలు. సెప్టెంబరులో బంగారు రంగు వరి కనిపిస్తుంది, అదీ తక్కువేం కాదు.

ఈ ఒబాసుతే మడులు 1999లో జాతీయ సుందర స్థలంగా గుర్తింపు పొందాయి, వరి పొలానికి ఆ హోదా దక్కడం అదే మొదటిసారి. వెళ్ళడం కూడా వీటికే తేలిక. టోక్యో నుంచి షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంటన్నరకి నాగానో, అక్కడి నుంచి మామూలు రైల్లో అరగంట ప్రయాణం, ఒబాసుతే స్టేషన్ దగ్గర రైలు వెనక్కీ ముందుకీ నడిచి కొండెక్కుతుంది, ప్లాట్‌ఫాం మీద నిలబడితేనే లోయంతా కనిపిస్తుంది. కారు నడపనివాళ్ళు, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు వేరే ఆలోచన పెట్టుకోకుండా దీన్ని ఎంచుకోవచ్చు.

ఇక ఇషికావా రాష్ట్రంలో వాజిమ ఊరి శివార్లలో ఉన్న శిరోయొనే సెన్‌మాయిద. సముద్రం ఒడ్డున, అలలకి దాదాపు తగిలేంత దగ్గరగా దిగిపోయే 1,004 మడులు, మొత్తం కలిపి నాలుగు హెక్టార్లు. అంటే పదెకరాల్లో వెయ్యి మడులు. భాగించి చూస్తే మడికి ఒక సెంటు, అందులో గట్లూ వాలూ తీసేస్తే నాట్లు పడే జాగా ఇంకా తక్కువ. 2001లో జాతీయ సుందర స్థలమైంది. 2011లో ఈ మడులున్న నోతో ద్వీపకల్పం, సాదో దీవి కలిసి ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలోకి వెళ్ళాయి, జపాన్ నుంచి మొదటివి అవే. శీతాకాలంలో పంట లేనప్పుడు కూడా జనం రావాలని గట్ల వెంట వేలకొద్దీ సోలార్ ఎల్ఈడీ దీపాలు పెట్టేవాళ్ళు. మడి కంటే గట్టుకే గిరాకీ ఎక్కువని చెప్పడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ ఉండదు.

2024 జనవరి 1న నోతోలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. మడుల్లో అడ్డంగా పగుళ్ళు, కాలవలు విరిగాయి, తీరం వెంట రోడ్డు తెగింది, సాగు చేసే మనుషులే ఇళ్ళు పోయి శిబిరాలకి వెళ్ళారు. కొండ మడికి పగులు అంటే గోడకి బీట పడినట్టు కాదు, నీళ్ళు నిలవవు, నిలవకపోతే వరి లేదు. అయినా ఆ మే నెలలో 1,004లో దాదాపు 120 మడుల్లో నాట్లు వేశారు. సెప్టెంబరులో కుంభవృష్టి వాజిమని మళ్ళీ ముంచింది. ఒక్కో మడి చేత్తో బాగు చేసుకుంటూ ఏటా కొన్ని పెంచుతున్నారు. ప్రసిద్ధి లేకపోతే ఈ డబ్బూ, ఈ చేతులూ వచ్చేవి కావు, అదే నోతోలో పేరులేని మడులు చాలావాటికి రాలేదు కూడా. ఇప్పుడు అక్కడికి వెళ్ళడం తప్పా? కాదు, రోడ్లు, బసలు ఉన్నమేరకు వెళ్ళి అక్కడ ఖర్చు పెడితే ఊరికి మేలే. పాత ఫొటోలో ఉన్నది ఉన్నట్టుగా దొరకాలని మాత్రం ఆశించకూడదు.

తోకామచి ప్రాంతం మరో దారి వెతికింది. 2000 నుంచి మూడేళ్ళకోసారి ఎచిగో త్సుమారి కళా ఉత్సవం జరుగుతోంది, ఊళ్ళ మధ్య, పొలాల మధ్య, మూతబడ్డ బడుల్లో కళాఖండాలు పెడతారు. మత్సుదాయ్‌లో ఇల్యా, ఎమీలియా కబకోవ్ దంపతులు మడుల్లో రైతుల ఆకారాలు నిలబెట్టారు, దున్నేవాడు, నాటేవాళ్ళు, కోసేవాళ్ళు. ఆ మడుల యజమాని సాగు మానేద్దామనుకున్న సమయంలో ఇది వచ్చింది, మొదట వద్దన్నా తర్వాత ఒప్పుకుని ఇంకొన్నాళ్ళు సాగు చేశాడు. బొమ్మ పెట్టినందుకు పొలం బతకడం, ఎవరు దేనికి అలంకారమో తేల్చడం కష్టం. అక్కడ కూడా తనదా బ్యాంకు పేరుతో ఓనర్ పద్ధతి ఉంది.

వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేది చెప్పాలంటే, ముందు కాలం. క్యూషూలో సాగా రాష్ట్రం గెన్‌కాయ్ పట్టణంలోని హమనోఉర, 283 మడులు, ముందస్తు వరి కాబట్టి ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా నీళ్ళు ఉంటాయి, సూర్యుడు ఎదురుగా సముద్రంలోకి దిగుతాడు కాబట్టి సాయంత్రం వెళ్ళాలి. అదే పట్టణంలో అణు విద్యుత్ కేంద్రం కూడా ఉందని టూరిజం పుస్తకాలు పెద్దగా చెప్పవు. హోషితోగేకి మంచు కరిగాక, మే నుంచి జూన్ మొదలు దాకా, లేదా కోతల తర్వాత, తెల్లవారుజామునే. ముందురోజు వాన పడి రాత్రి ఆకాశం తేటపడి చలి పుడితే మేఘ సముద్రం కనిపించే అవకాశం ఎక్కువ. మంచు కాలంలో పైకి దారి ఉండదు. జూలై, ఆగస్టుల్లో ఎక్కడికెళ్ళినా పచ్చ రంగే, నీళ్ళు కనపడవు, జనం కూడా తక్కువ. టోక్యో వదిలి దూరం వెళ్ళే టైం లేకపోతే చిబా రాష్ట్రం కమోగవలో ఓయమ సెన్‌మాయిద ఉంది, 375 మడులు, కాలవ లేదు, ఊట లేదు, ఉత్త వాననీళ్ళ మీదే నడుస్తుంది.

దారి విషయం. హోషితోగేకి బస్సు ఆశ పెట్టుకోకండి, మత్సుదాయ్ స్టేషన్ నుంచి టాక్సీ, లేదా అద్దె కారు. మన లైసెన్స్ ఉన్నవాళ్ళు ఇక్కడి ఆర్టీఓ దగ్గర ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్తే జపాన్‌లో చెల్లుతుంది, అక్కడ కూడా ఎడమవైపే నడపాలి కాబట్టి పెద్ద టెన్షన్ ఉండదు, కానీ కొండ రోడ్లు ఒక్క బండికే సరిపోయేంత ఇరుకు. నోట్లు దగ్గర పెట్టుకోవాలి. శాకాహారులకి పల్లె హోటళ్ళలో ఇబ్బందే, కూరగాయల పులుసులో కూడా చేపల రసం ఉంటుంది, ఉప్పు అన్నం ముద్దలో ఊరవేసిన ఉమె కాయ పెట్టిన ఒనిగిరి ముందే కొనుక్కుంటే సుఖం.

మర్యాద గురించి అందరూ చెప్తారు కానీ కారణం చెప్పరు. గట్టు ఎక్కొద్దు అనేది, అది పూజ్యమైనదని కాదు. కొత్తగా అడుసు అద్దిన గట్టు మీద బూటు పడితే అక్కడ పల్లం అవుతుంది, నీళ్ళు అక్కడి నుంచే కారడం మొదలవుతాయి. ట్రైపాడ్ కాలు దిగినా అంతే. పొలం దారిలో కారు ఆపితే తెల్లవారి ఐదింటికే పనికొచ్చే చిన్న ట్రక్కు పోలేదు. ఇవి పార్కులు కావు, ఎవరో ఒకరి సొంత పొలాలు. పాడేరు దగ్గర వంజంగి కొండకి మేఘాలు చూడ్డానికి వారాంతాల్లో జనం ఎలా ఎగబడుతున్నారో చూసినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు పెట్టాలనుకుంటే పెట్టే చోట్లు ఉన్నాయి. ఊళ్ళోనే మిన్షుకులో (ఇంటివాళ్ళే నడిపే చిన్న బస) ఒక రాత్రి ఉండటం, రోడ్డు పక్క మిచినోఎకి అంగట్లో ఆ కొండ బియ్యమే కొనడం, విరాళం పెట్టె ఉంటే నాణేలు కాకుండా నోటు వేయడం. జపాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళకైతే ఓనర్ పద్ధతి ఉంది, టోక్యో చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఓయమ రెండు గంటల దూరం, నాట్లు, కోతలు పిల్లలతో వేయించొచ్చు. చేరినవాళ్ళు గడ్డి కోతల రోజుకి కూడా పిలుస్తారేమో ముందే అడగండి. ఊరివాళ్ళకి మనుషులు తక్కువ పడేది నాట్ల రోజున కాదు, ఆ రోజునే.